చార్లెస్ బాబేజి చరిత్రము

మహాపురుషుల జీవితములను చెప్పునపుడు వారు సాధించిన విజయములను వరుసగా నెన్నుట వాడుక. ఈ యేడు మా విద్యార్థులకొఱకు మేమెన్నుకొనిన పురుషుడు తాను తలపెట్టిన మహాయంత్రములలో ఒక్కదానినైనను పూర్తిగా కట్టి చూచుకొనలేదు. అయినను లెక్కలలో తప్పు ఏ దారిని వచ్చునో, వచ్చిన తప్పు ఎట్లు వ్యాపించునో, దానిని వాకిటనే పట్టుకొనుట యెట్లో ఆయన యోచించినంత శ్రద్ధతో ఆ కాలమున యోచించినవారు అరుదు. ఆయన పేరు చార్లెస్ బాబేజి.

ఈ యోచనతో నేటి బాలబాలికలకేమి పనియని కొందఱడుగవచ్చును. ఒక విద్యార్థి నేడు కంప్యూటరునందు పాఠమును వ్రాసి దాచి, మఱునాడు తెఱచి చదువును. ఆ ఫైలును డిస్కునుండి తెచ్చి యిచ్చునది ఆపరేటింగు సిస్టమునకు గర్భమువంటిదైన కెర్నెలు అను భాగము. తక్కిన ప్రోగ్రాములు సాధారణముగా డిస్కును స్వయముగా ముట్టవు. తమకు గావలసినదానిని కెర్నెలునే యడిగి పుచ్చుకొనును. కావున కెర్నెలు చదువుటలో లేశమైన దోషమున్నను, దానిని నమ్మిన ప్రోగ్రాములన్నియు ఆ దోషమునే సత్యమని గ్రహించును. చదువలేక నిలిచిపోవుట చిన్న కీడు. తప్పుగా చదివి సరిగా చదివితినని చెప్పుట పెద్ద కీడు. ఇట్టి దోషమును బగ్ అని పిలుతురు. దానిని వెదకి దిద్దువారి పని యెట్టిదో తెలియుటకు బాబేజి జీవితము మంచి పాఠము.

చార్లెస్ బాబేజి 1791వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి బెంజమిన్ బాబేజి ధనికుడు, బ్యాంకి వ్యాపారి. బాల్యమున తీవ్రమైన జ్వరము వచ్చి శరీరము దుర్బలమైనందున, పిల్లవానిని ఎక్సెటరు పట్టణ సమీపమున నొక పల్లెటూరి పాఠశాలకు పంపి, అతని మెదడునకు ఎక్కువ శ్రమ కలిగింపవలదని ఉపాధ్యాయునకు చెప్పిరి. కాని ఆ బాలుని బుద్ధి ఊరకుండునది కాదు. క్రొత్త ఆటవస్తువేది చేతికి వచ్చినను దాని లోపల నేమున్నదని తల్లి నడుగును. ఆమె చెప్పిన సమాధానము తృప్తినియ్యనిచో దానిని పగులగొట్టి చూచును. పెరిగిన పిమ్మట ఎన్ఫీల్డు పాఠశాలలో నున్నప్పుడు, ఒక స్నేహితునితో గూడి తెల్లవాఱుజామున మూడు గంటలకే రహస్యముగా లేచి గణితము చదివెడివాడు. రహస్యముగా ఆడుకొను బాలురను మేమెఱుగుదుము. రహస్యముగా లెక్కలు చేయు బాలురు ఎచ్చటను తక్కువయే.

1810లో ఆయన కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలయందు చేరెను. అప్పటికే తాను చదివిన గణితము అచ్చటి బోధకంటె ముందున్నదని తెలిసికొని నిరుత్సాహపడెను. అంతట ఊరకుండక, 1812లో జాన్ హెర్షెల్, జార్జి పీకాకు అను మిత్రులతో గూడి ఒక గణిత సంఘమును స్థాపించి, ఐరోపా ఖండమున వాడుకలోనున్న నూతన గణిత పద్ధతులను ఇంగ్లండునకు తెచ్చుటకు పాటుపడెను. 1814లో పట్టమును పొంది, ఆ యేటనే జార్జియానా విట్‌మోర్ అను కన్యను వివాహమాడెను. 1816లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1820లో ఖగోళశాస్త్ర సంఘమును స్థాపించినవారిలో ఆయన యొకడు.

ఇచ్చట పాఠకులు ఆ కాలపు గణిత పట్టికలనుగూర్చి కొంచెము తెలిసికొనవలెను. లెక్కించు యంత్రములు లేని ఆ దినములలో నావికుడు, జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు, ఇంజనీరు, బ్యాంకి గుమాస్తా మొదలగువారందఱును అచ్చు పట్టికలనే నమ్ముకొని యుండిరి. లాగరిథముల పట్టికను, నావికా పంచాంగమును చూచియే నడిసముద్రమున ఓడ యెచ్చట నున్నదో నిర్ణయించెడివారు. పట్టికలో ఒక్క యంకె తప్పినచో గణించువాడెంత నేర్పరియైనను ఓడ రాళ్లపైకి పోవచ్చును. పట్టికను తయారుచేయుటలో తప్పునకు ఎన్నియో ద్వారములు గలవు. లెక్కించువాడు తప్పవచ్చును, దానిని శుభ్రముగా తిరిగి వ్రాయువాడు తప్పవచ్చును, అచ్చుకూర్చువాడు ఒక యంకెకు బదులు మఱియొకదానిని పెట్టవచ్చును, ప్రూఫు చూచువాడు దానిని గమనింపక పోవచ్చును.

1821లో బాబేజియు హెర్షెలును ఖగోళ సంఘమునకై తయారైన పట్టికలను సరిచూచుచుండిరి. ఒకే లెక్కను ఇద్దఱు వేఱువేఱుగా చేసి తెచ్చిన కాగితములను ప్రక్కప్రక్కన నుంచి పోల్చగా, తప్పు వెంట తప్పు బయటపడజొచ్చెను. అప్పుడు బాబేజి విసిగి, ఈ లెక్కలను ఆవిరియంత్రమే చేసిన నెంత బాగుండునని తలంచెను. విసుగు అందఱికిని కలుగును. ఆయనయందలి విశేషమేమన, ఆ విసుగును ఊరక పోనీయక తన జీవితకార్యముగా మార్చుకొనుటయే.

పట్టికలలోని తప్పులు ఎంత విస్తారమైనవో తెలుపు వృత్తాంతములు కొన్ని గలవు. డయొనీషియస్ లార్డ్‌నరు అను పండితుడు బాబేజి యంత్రమునుగూర్చి 1834లో వ్రాసిన వ్యాసమున, 40 సంపుటముల పట్టికలను పరిశీలింపగా ప్రకాశకులే ఒప్పుకొనిన తప్పులు 3,700 అని తెలిపెను. ఒప్పుకొననివి యెన్నియో యెవరు చెప్పగలరు? హాలండు దేశమున వ్లాక్ అను నతడు 1628లో ప్రచురించిన లాగరిథముల పట్టికలోని తప్పులు తరువాత వచ్చిన అనేక పట్టికలలోనికి యథాతథముగా ప్రాకినవి. రాయల్ సొసైటీ గ్రంథాలయమున చీనాలిపిలో ముద్రింపబడిన పట్టిక యొకటి యుండెను. అది ఎచ్చటనుండి గ్రహింపబడినదో అందు చెప్పబడలేదు. బాబేజి దానిని తెఱచి, వ్లాక్ పట్టికలోని ఆరు తప్పులున్న స్థలములను చూచెను. ఆ ఆరును అచ్చటనే యుండెను! నకలు వ్రాసినవాడు మూలము పేరు దాచినను తప్పులు దాగలేదు. ప్రక్కవాని పలక చూచి లెక్క వ్రాయు బాలురు ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొందురుగాక.

ఇంతకంటె విచిత్రమైనది మఱియొకటి. 1792లో అచ్చయిన టేలరు లాగరిథముల పట్టికయందు 19 తప్పులు కనిపెట్టబడగా, వాని దిద్దుబాటులను 1832వ సంవత్సరపు నావికా పంచాంగమున ప్రకటించిరి. ఆ దిద్దుబాటులలో ఒకటి తానే తప్పు. దానిని దిద్దుటకు తరువాతి పంచాంగమున మఱియొక దిద్దుబాటు వేసిరి. అదియు తప్పే యగుటచేత మూడవ దిద్దుబాటు అవసరమయ్యెను. తప్పును దిద్దుట మంచిదే. కాని దిద్దినదానిని మరల పరీక్షింపక లోకమునకు విడుచుట ఒక తప్పును తీసి మఱియొకదానిని నాటుటయే.

ఈ కీడునకు బాబేజి కనిపెట్టిన మందు భేదయంత్రము. దాని మూలసూత్రమును మా చిన్న తరగతి బాలురు సైతము గ్రహింపగలరు. 1, 4, 9, 16, 25 అను వర్గసంఖ్యలను తీసికొనుడు. ప్రతిదానినుండి దాని ముందుదానిని తీసివేసినచో 3, 5, 7, 9 వచ్చును. వీనిలో మరల అట్లే తీసివేసినచో ఎల్లప్పుడును 2 మాత్రమే వచ్చును. కావున 9కి 2 కలిపి 11 అనియు, 25కు 11 కలిపి 36 అనియు, గుణకారమే లేకుండ తరువాతి వర్గమును పొందవచ్చును. కూడికను మాత్రమే చేయగల చక్రములున్నచో ఎంత పెద్ద పట్టికనైనను ఈ విధమున తయారుచేయవచ్చును. చక్రము రెండంకెల నడుమ నిలిచినచో తప్పు సంఖ్యను చూపుటకు బదులు యంత్రము బిగిసి ఆగిపోవునట్లు ఆయన ఏర్పాటు చేసెను. ఫలితమును మనుష్యుడు వ్రాసికొననక్కఱ లేకుండ యంత్రమే అచ్చుదిమ్మెను సిద్ధపఱచునట్లును యోచించెను. తప్పు ప్రవేశించు ద్వారముల నొక్కొక్కదానిని మూయుటయే ఆయన పద్ధతి.

1822లో చిన్న నమూనాను చేసి చూపగా పండితులు మెచ్చుకొనిరి. 1823లో ప్రభుత్వమువారు మొదటి సహాయముగా 1,500 పౌండ్లిచ్చిరి. జోసెఫ్ క్లెమెంటు అను నేర్పరియైన పనివాడు భాగములను చేయుటకు నియమింపబడెను. యంత్రమునకు సుమారు 25,000 భాగములు కావలసియుండెను. అన్నియు మిక్కిలి సూక్ష్మముగా కుదురవలసినవే. అట్టి పని ఆ కాలపు కార్ఖానాలకు క్రొత్తది.

ఇంతలో 1827వ సంవత్సరము ఆయన కుటుంబమునకు ఘోరమైన సంవత్సరమయ్యెను. ఆ యొక్క యేటనే తండ్రియు, తండ్రి పేరే ధరించిన చార్లెస్ అను కుమారుడును, భార్య జార్జియానాయు, అప్పుడే పుట్టిన శిశువును మరణించిరి. ఎనమండుగురు బిడ్డలలో ముగ్గురు కుమారులు మాత్రమే చివరకు మిగిలిరి. బాబేజి దుఃఖమున క్రుంగి, యంత్రపు పని హెర్షెలునకప్పగించి, కొంతకాలము ఐరోపా దేశములలో తిరిగెను. ఆ యేటనే ఆయన 1 మొదలు 108000 వఱకు గల సంఖ్యల లాగరిథముల పట్టికను ప్రచురించెను. ఆ పట్టికను పలుమాఱులు సరిచూచి, చదువరి కంటికి సుళువుగా నుండుటకై అంకెల ఆకారమును, వరుసల నడిమి యెడమును సైతము విచారించి అచ్చువేయించెను. తరువాత 1831లో వేఱువేఱు రంగుల కాగితములపై వేఱువేఱు రంగుల సిరాతో పట్టిక పుటలను ముద్రింపించి, ఏది కంటికి హాయిగా నుండునో పరీక్షించెను. వ్రాసినది సరిగా నుండినంత మాత్రమున చాలదనియు, చదువుట సరిగా జరుగవలెననియు ఆయన యెఱిగినందులకు ఇదియే నిదర్శనము.

1832లో యంత్రపు గణితభాగమున ఏడవవంతు, సుమారు 2,000 ముక్కలతో, కూర్చబడి చక్కగా పనిచేసెను. కాని మఱుసటి యేడు క్లెమెంటునకును బాబేజికిని డబ్బు విషయమున వివాదము పుట్టి పని ఆగిపోయెను. మరల సాగలేదు. 1842లో ప్రభుత్వమువారు ఆ కార్యమును పూర్తిగా విడిచిపెట్టిరి. అప్పటికి ప్రజాధనము 17,000 పౌండ్లకు మించి వ్యయమయ్యెను. బాబేజి తనకొఱకు జీతము పుచ్చుకొనలేదు. పైగా సొంత ధనమును విశేషముగా ఖర్చుపెట్టెను. అయినను లోకము ఆయనను పని పూర్తిచేయని వానిగానే యెంచెను.

ఆ లోకనింద కొంతవఱకు న్యాయమే యని మేము చెప్పక తప్పదు. మొదటి యంత్రము ముగియక మునుపే 1834లో ఆయన బుద్ధి రెండవ దానిపైకి పరుగెత్తెను. దీనికి విశ్లేషణ యంత్రమని పేరు. ఇది పట్టికలను మాత్రమే కాక, ఎట్టి లెక్కనైనను ఆజ్ఞానుసారముగా చేయవలసినది. సంఖ్యలను నిలువయుంచుటకు కొట్టువంటి భాగమును, వానిని గణించుటకు మిల్లు అను భాగమును వేఱువేఱుగా నేర్పఱచెను. ఆజ్ఞలను రంధ్రములు పొడిచిన అట్టలద్వారా ఇయ్యవలెనని నిశ్చయించెను. ఈ అట్టల యుపాయమును ఫ్రాన్సు దేశపు జకార్డు మగ్గమునుండి గ్రహించెను. చీర అంచున పువ్వులు లతలు నేయు మన చేనేతవారును జకార్డు పేరెఱుగుదురు. ఆ మగ్గముపై అట్టల వరుస చూచినవారికి బాబేజి యోచన సులభముగా బోధపడును.

మా వ్యాసమునకు ముఖ్యమైన విషయము ఇచ్చటనే యున్నది. లెక్క నడుమ యంత్రమునకు ఒక లాగరిథము కావలసివచ్చిననుకొందము. అప్పుడు యంత్రము గంట మ్రోగించి, ఏ సంఖ్యయొక్క లాగరిథము కావలెనో చూపి ఆగును. పరిచారకుడు తగిన అట్టను పెట్టెనుండి తీసి యంత్రమునకందించును. అతడు తొందరలో వేఱొక అట్టను తెచ్చినచో? బాబేజి దీనికిని ఏర్పాటు చేసెను. అట్టపై లాగరిథము మాత్రమే కాక, అది యే సంఖ్యకు సంబంధించినదో ఆ సంఖ్యయు పొడువబడి యుండును. యంత్రము తానడిగిన సంఖ్యనుండి అట్టపైనున్న సంఖ్యను తీసివేసి చూచును. శేషము సున్న యైనచో అట్ట సరియైనది, పని సాగును. సున్న కానిచో మునుపటికంటె పెద్ద గంట మ్రోగును. తప్పు అట్ట వచ్చినదని తెలుపు పలక కనబడును. సరియైన అట్ట వచ్చువఱకు యంత్రము కదలదు. పరిచారకుడు నమ్మదగినవాడా కాడా యని యంత్రము విచారింపదు. తెచ్చినదానినే పరీక్షించును.

పార్లమెంటు సభ్యులు ఆయన నొక ప్రశ్న అడిగిరట. యంత్రములో తప్పు సంఖ్యలను పెట్టినచో సరియైన ఫలితము వచ్చునా అని వారి సందేహము. ఇట్టి ప్రశ్న పుట్టుటకు కారణమైన బుద్ధిమాంద్యము తనకు అర్థము కాలేదని ఆయన తరువాత వ్రాసికొనెను. మేము మాత్రము ఆ సభ్యులను అంతగా నిందింపము. తప్పు సంఖ్యను యంత్రము ఒప్పు చేయజాలదు. కాని తప్పు అట్టను గుర్తించి నిరాకరింపగలదు. ఆ రెండింటికి గల భేదమును ఓపికతో బోధించియుండిన, ఆయనకు విరోధులు కొందఱు తగ్గియుందురు.

1843లో అడా లవ్‌లేస్ అను విదుషీమణి, ఇటలీ దేశపు మెనబ్రియా ఈ యంత్రమునుగూర్చి ఫ్రెంచిలో వ్రాసిన వ్యాసమును ఇంగ్లీషులోనికి మార్చి, మూలముకంటె ఎంతో పెద్దవైన వివరణములను చేర్చెను. ఆమె బైరన్ కవి కుమార్తె. బెర్నౌలి సంఖ్యలను యంత్రముచే గణింపజేయు క్రమమును ఆ వివరణములలో చూపిరి. అందులకు కావలసిన బీజగణితమును బాబేజి వ్రాసి పంపగా, అందొక పెద్ద తప్పును ఆమె కనిపెట్టి తిప్పి పంపెను. ఈ సంగతిని బాబేజియే తన స్వీయచరిత్రమున దాచక చెప్పెను. అంత జాగరూకులైన ఇద్దఱు చూచినను, అచ్చయిన ఆ పట్టికలో ఒక భాగహారమున భాజ్యమును భాజకమును తారుమారై యుండెను. తప్పులను వేటాడువారి కాగితములలోనే తప్పు నక్కి కూర్చుండెను! మనుష్యుని నేర్పు ఎంత గొప్పదైనను పరీక్ష అనావశ్యకమని చెప్పరాదు.

1847 మొదలు 1849 వఱకు ఆయన రెండవ భేదయంత్రమునకు పటములు గీసెను. ఇది మొదటిదానికంటె చాల తక్కువ భాగములతో ముగియునది. ప్రభుత్వము దానిని కట్టించుటకు ఒప్పుకొనలేదు. ఈలోపున స్వీడను దేశపు షూట్జ్ అను తండ్రికొడుకులు ఆయన యంత్రమునుగూర్చి చదివి, తామే యొక భేదయంత్రమును నిర్మించిరి. బాబేజి అసూయపడక వారిని బహిరంగముగా ప్రశంసించెను. ఇది ఆయన గుణములలో నొకటి. కోపము, ఇతరుల అల్పబుద్ధిని సహింపకుండుట, వీధిలో వాద్యములు మ్రోగించువారితో ఎడతెగని తగవు, ఇవి ఆయన లోపములు. 1864లో తన జీవితవృత్తాంతమును ప్రచురించెను. 1871వ సంవత్సరము అక్టోబరు 18వ తేదీన తన 79 యేండ్ల వయస్సున లండనులో మరణించెను. కుమారులలో హెన్రీ ప్రెవొస్టు బాబేజి హిందూదేశమున సైన్యములో కొలువుచేసినవాడు; తండ్రి మరణానంతరము మిగిలిన ముక్కలను కూర్చి కొన్ని చిన్న నమూనాలను తయారుచేసెను.

ఆయన పటములు నూఱేండ్లకు పైగా దస్త్రములలో నిద్రించెను. తుదకు 1991లో, ఆయన జన్మించి 200 సంవత్సరములు నిండు సందర్భమున, లండనులోని సైన్సు మ్యూజియమువారు రెండవ భేదయంత్రపు గణితభాగమును ఆ పటముల ప్రకారము కట్టించిరి. ఆయన కాలపు పనివారికి సాధ్యమైనంత సూక్ష్మతకు మించకుండునట్లు జాగ్రత్త పడిరి. కట్టునపుడు పటములలోనే కొన్ని తప్పులు కనబడినవి. వానిని దిద్దిన పిమ్మట యంత్రము 31 అంకెల వఱకు సరియైన ఫలితములను చూపెను. అచ్చువేయు భాగమును తరువాత చేర్చిరి. తప్పులు దొరలినందున బాబేజి కీర్తికి కళంకము రాలేదు. ఆయన పటములు అంత వివరముగా నుండుటచేతనే, ఆయన లేకున్నను, ఇతరులు ఆ తప్పులను కనిపెట్టి దిద్దగలిగిరి.

ఇప్పుడు కెర్నెలు సంగతికి వత్తము. 1969లో ఆరంభమైన యూనిక్సు మొదలుకొని నేటి లినక్సు వఱకు గల ఆపరేటింగు సిస్టములలో, ప్రోగ్రాము ఫైలునుండి ఇన్ని బైట్లు కావలెనని యడుగగా, కెర్నెలు తానెన్ని చదువగలిగెనో ఆ లెక్కనుగూడ తిరిగి చెప్పును. 4,096 అడుగగా 1,000 మాత్రమే రావచ్చును. ఆ లెక్కను చూడని ప్రోగ్రాము, రాని 3,096 బైట్లును వచ్చినట్లే తలంచి చెత్తను సత్యమని గ్రహించును. లెక్క చెప్పుటలో కెర్నెలే తప్పినచో హాని మఱింత విస్తరించును. కొన్ని ఫైలువ్యవస్థలలో సమాచారముతోబాటు దానినుండి గణించిన పరీక్షాసంఖ్యనుగూడ దాతురు. చదువునపుడు దానిని మరల గణించి పోల్చి, సరిపడనిచో తప్పని తెలుపుదురు. అది బాబేజి పెద్ద గంటయే. లోహమునకు బదులు ప్రోగ్రాములో మ్రోగుచున్నది.

దోషమును దిద్దు క్రమమును ఆయన చరిత్రములోనే చూడవచ్చును. మొదట, తప్పు మరల మరల కనబడు సందర్భమును స్థిరపఱచవలెను. పిమ్మట, అది యే ద్వారమున ప్రవేశించెనో, డిస్కులోనా, చదువుటలోనా, లెక్క చెప్పుటలోనా యని ఒక్కొక్కటిగా తొలగించుచు వెదకవలెను. దొరకిన పంక్తిని దిద్దవలెను. తరువాత, టేలరు పట్టికకు కలిగిన గతి పట్టకుండ, దిద్దుబాటు వేఱొక తప్పును తెచ్చెనేమో పరీక్షింపవలెను. తుదకు, ఏమి దిద్దితిమో, ఎందులకు దిద్దితిమో, వెనుక వచ్చువారికి తెలియునట్లు వ్రాసియుంచవలెను. ఈ చివరి పని తేజస్సు లేనిది. కాని బాబేజి యంత్రమును 120 యేండ్ల పిమ్మట కదిలించినది అట్టి వ్రాతయే.

విద్యార్థులారా, పరీక్ష గదిలో లెక్క ముగించిన పిమ్మట మిగిలిన పది నిమిషములను కిటికీ వైపు చూచి గడపువారు మీలో కొందఱు గలరు. ఆ పది నిమిషములలో చేసినదానిని మొదటినుండి సరిచూచుట శిక్షవలె తోచును. దానికే తన జీవితము నర్పించిన యొక మనుష్యుడు గలడని జ్ఞప్తియందుంచుకొనుడు. ప్రశ్నలోని అంకెను సరిగా దించుకొంటిమా యని ముందుగా చూడుడు; పిమ్మట లెక్కను చూడుడు; దిద్దినచో దిద్దినదానిని మఱియొకసారి చూడుడు. తప్పు కనబడినచో సిగ్గుపడి చెఱిపివేయక, అది యెట్లు వచ్చెనో తెలిసికొనుడు. తలిదండ్రులును, పిల్లవాడు తన తప్పును తానే తెచ్చి చూపినపుడు దండింపక, ఆ పెద్ద గంట మ్రోగినందులకు సంతోషింతురుగాక.